సీటు కన్నా ముందు క్లినిక్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వెలువడగానే 'నీట్‌లో ర్యాంకు రాలేదా? దిగులు పడకండి' అంటూ తిరిగే కరపత్రాల్లో ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీల సరసన బీఏఎస్‌ఎల్‌పీ కూడా చేరింది. బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అన్నమాట. వినికిడి లోపాన్ని కొలిచి యంత్రం అమర్చడం, మాటలోనో భాషలోనో గొంతులోనో మింగడంలోనో ఇబ్బంది ఉన్నవారికి థెరపీ ఇవ్వడం ఈ చదువు నేర్పే పని. పదిమందికీ తెలియడం మంచిదే. కానీ ఆ కరపత్రాల్లో భవనం ఫొటో ఉంటుంది, హాస్టల్ ఉంటుంది, విదేశీ జీతాల ఊరింపు ఉంటుంది. కాలేజీ క్లినిక్‌కు రోజుకు ఎంతమంది రోగులు వస్తారో మాత్రం ఉండదు. ఈ కోర్సు విలువంతా ఆ లెక్కలోనే ఉంది. ఈ సబ్జెక్టులు బోధిస్తూ, క్లినిక్‌లో విద్యార్థులను పర్యవేక్షించే వాళ్లం కనుక, ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ఏం అడగాలో మీ పత్రిక ద్వారా చెప్పదలిచాం.

ముందుగా కాగితాల సంగతి. కోర్సు మూడేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. బైపీసీ వాళ్లకే అనుకుంటారు గానీ ఎంపీసీ వాళ్లూ చేరవచ్చు. అకూస్టిక్స్, ఎలక్ట్రానిక్స్ పేపర్లలో వాళ్లదే పైచేయి. అనుమతి ఇచ్చేది రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఆ అనుమతి కాలేజీకి శాశ్వతంగా ఉండదు, గడువు ఉంటుంది. కాబట్టి మీరు చేరే సంవత్సరానికి అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. డిగ్రీ చేతికొచ్చాక కౌన్సిల్‌లో నమోదు చేసుకుని నంబరు తీసుకుంటేనే ప్రాక్టీసు చేయాలి. నమోదు లేకుండా చేస్తే 1992 నాటి చట్టంలోని 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెయ్యి రూపాయలంటే ఎవరికీ భయం లేదు, అది వేరే మాట. దేశంలో ఈ చదువుకు పెద్ద దిక్కు 1965లో మొదలైన మైసూరు ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ). 1983లో ముంబయిలో పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్రకు గవర్నర్‌గా చేసిన హైదరాబాదీ పేరే ఆ సంస్థకు పెట్టారు.

ఇక క్లినిక్. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ముందు బయటి శబ్దం రాకుండా కట్టిన సౌండ్ ట్రీటెడ్ గదిలోకి వెళ్లి తలుపు మూసి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. బయటి ఆటో హారన్, పక్కగది ఏసీ మోత, పైన ఫ్యాను చప్పుడు వినిపిస్తే ఆ గదిలో తీసిన ఆడియోగ్రామ్‌ను, అంటే వినికిడి చార్టును నమ్మలేం. ఇలాంటి మోతలు ఎక్కువగా 250, 500 హెర్ట్జ్ దగ్గర పరీక్ష శబ్దాన్ని మింగేస్తాయి. రోగి చెవి బాగానే ఉన్నా కింది ఫ్రీక్వెన్సీల్లో 15, 20 డెసిబెల్స్ లోపం ఉన్నట్టు చార్టు చూపిస్తుంది. తర్వాత వినికిడి కొలిచే ఆడియోమీటర్‌కు, కొలతలు సరిచూసినట్టు చెప్పే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడగండి. ఏడాదికోసారి చేయించాలి. దానితో పాటు రోజూ ఉదయం ఎవరో ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అన్ని ఫ్రీక్వెన్సీలూ విని, తీగ కదిపి చూసి సంతకం పెట్టే పుస్తకం ఉండాలి. ఆ పుస్తకం వెతుక్కోకుండా తీసి చూపించారంటే కాలేజీ మీద సగం నమ్మకం పెట్టుకోవచ్చు.

ఒక్కో ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని విడిగా వినిపించే ప్యూర్ టోన్ పరీక్ష చూడ్డానికి బటన్ నొక్కడంలా ఉంటుంది. బాగా వినే చెవితో, 1000 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి 2000, 4000, 8000 చూసి, మళ్లీ 1000 సరిచూసుకుని, 500, 250కి దిగాలి. వినిపించిందంటే 10 డెసిబెల్స్ తగ్గించాలి, వినిపించలేదంటే 5 పెంచాలి. పెంచుకుంటూ వెళ్లేటప్పుడు కనీసం సగంసార్లు స్పందన వచ్చిన అతి తక్కువ స్థాయే థ్రెషోల్డ్. ఈ నియమం ఒక్కరోజులో వస్తుంది. తప్పులు వేరేచోట దొర్లుతాయి. శబ్దాలను తాళం వేసినట్టు సమానమైన వ్యవధిలో ఇస్తే రోగి వినకుండానే ఊహించి నొక్కేస్తాడు. 'వినిపిస్తే నొక్కండి' అని ఊరుకుంటే పెద్దవయసు వాళ్లు స్పష్టంగా వినిపించేదాకా ఆగుతారు. 'ఎంత సన్నగా వినిపించినా, అనుమానంగా ఉన్నా సరే నొక్కండి' అని చెబితే అదే చెవి ఇంకా మెరుగ్గా పలుకుతుంది. వృద్ధులకు, చిన్నపిల్లలకు హెడ్‌ఫోన్ ఒత్తిడికి చెవి కాలువ మూసుకుపోయి, లేని కండక్టివ్ లోపం (శబ్దం లోపలి చెవికి సరిగా చేరని లోపం) కనిపించడమూ ఉంది. చెవి కాలువలోకే దూర్చే ఇన్సర్ట్ ఫోన్లు పెడితే ఆ బెడద ఉండదు.

విద్యార్థి నేర్పును అసలు పరీక్షించేది మాస్కింగ్, అంటే ఒక చెవిని పరీక్షిస్తూ రెండో చెవికి రొద వినిపించి దాన్ని పక్కన పెట్టడం. మామూలు హెడ్‌ఫోన్‌లో 40 డెసిబెల్స్ దాటిన శబ్దం పుర్రె గుండా అవతలి చెవికి చేరిపోవచ్చు. ఎముక ద్వారా ఇచ్చే శబ్దానికైతే అడ్డే లేదు. గవదబిళ్లల తర్వాత కుడిచెవి పూర్తిగా పోయిన పిల్లవాడిని తీసుకోండి. కుడివైపు ఇచ్చిన శబ్దాన్ని ఎడమ చెవి విని బటన్ నొక్కిస్తుంది. చార్టులో కుడిచెవికి 50, 60 డెసిబెల్స్ అని పడుతుంది. ఆ కాగితం చూసి యంత్రం అమ్ముతారు. అది ఎంత మోగినా ఆ చెవికి ఒరిగేదేమీ ఉండదు. ఎడమ చెవికి రొద పెట్టి, దాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ కుడిచెవి థ్రెషోల్డ్ కదలకుండా నిలిచే చోటును పట్టుకోవడం పుస్తకంలో రెండు పేజీలే. చేతికి రావాలంటే రకరకాల కేసులు పదుల కొద్దీ చేయాలి. రోజుకు ముగ్గురు రోగులు వచ్చే క్లినిక్‌లో, ముప్పైమంది విద్యార్థులున్న క్లాసుకు ఇది ఎలా వస్తుందో కాలేజీ వాళ్లనే అడగండి.

వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లను పరీక్షించడం నేర్వని విద్యార్థి రేపు ప్రభుత్వాసుపత్రిలో నిలబడలేడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువవారు. శాతం లెక్కలో మెరుగైన చెవి శాతాన్ని అయిదుతో గుణించి, రెండో చెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు. అంటే మెరుగైన చెవిలో జరిగిన 5 డెసిబెల్స్ పొరపాటు ఫలితాన్ని గట్టిగా కదిపేస్తుంది; గీతకు ఇటువైపున్న మనిషి అటు పోతాడు, పింఛను పోతుంది లేదా రాకూడనివాడికి వస్తుంది. వినిపిస్తున్నా వినిపించనట్టు కూర్చునేవాళ్లూ ఉంటారు. ప్యూర్ టోన్ సగటుకు, మాటలు అందుకునే స్థాయికి మధ్య 10 డెసిబెల్స్‌కు మించి తేడా వస్తే అనుమానించాలి. ఒక చెవిలోనే వినపడదంటే రెండు చెవులకూ ఒకేసారి శబ్దమిచ్చి నిజం తేల్చే స్టెంగర్ పరీక్ష చేయాలి, తేలకపోతే వినికిడి నరం స్పందనను ఎలక్ట్రోడ్లతో కొలిచే బెరా పరీక్షకు పంపాలి. అలాంటి మనిషితో కసురుకోకుండా, దొంగని పట్టిన ధోరణి లేకుండా, సూచన మళ్లీ చెప్పి పరీక్ష మళ్లీ చేయడం కూడా శిక్షణలో భాగమే. ఎక్కువమంది రెండోసారికి దారికి వస్తారు.

పసిపిల్లల విషయంలో ప్రపంచమంతా పాటించే లెక్క: నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు యంత్రమూ థెరపీ మొదలు. ఇక్కడ పరికరం ఉంటే చాలదు. ఆరు నెలల లోపు బిడ్డకు మధ్యచెవిని చూసే టింపనోమెట్రీ పరీక్ష 1000 హెర్ట్జ్ ప్రోబ్‌తో చేయాలి. పెద్దలకు వాడే 226 హెర్ట్జ్‌తో చేస్తే మధ్యచెవిలో నీరున్నా గ్రాఫ్ మామూలుగా కనిపించవచ్చు. కాన్పు తర్వాత పచ్చకామెర్లు తీవ్రంగా వచ్చి ఐసీయూలో ఉన్న బిడ్డను లోపలి చెవి తిరిగి పంపే సన్నని శబ్దాన్ని పట్టే ఓఏఈ పరీక్ష ఒక్కటే చేసి 'పాస్' అని పంపకూడదు. లోపలి చెవిలోని కణాలు పనిచేస్తూ నరం సరిగా పనిచేయని స్థితి ఓఏఈకి అందదు, బెరా కావాలి. బెరాకు బిడ్డ నిద్రపోవాలి. ఎలక్ట్రోడ్లు ముందు అంటించి, తర్వాత పాలు పట్టమనాలి. పాలు తాగి నిద్రపోయిన బిడ్డ నుదురు రుద్దడం మొదలుపెడితే ఆ పూట పరీక్ష అయిపోయినట్టే.

యంత్రం అమర్చడంలో చూడవలసింది చెవి లోపలే శబ్దాన్ని కొలిచే రియల్ ఇయర్ పరికరం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి సెట్టింగ్‌ను అలాగే ఉంచి పంపేయడం బజారులో రివాజు. కానీ చెవి కాలువ ఎంత చిన్నదైతే లోపల శబ్దం అంత పెరుగుతుంది. పెద్దలకు సరిపోయే సెట్టింగ్ పసివాడి చెవిలో హాని చేసేంత అవుతుంది. సన్నని గొట్టాన్ని కర్ణభేరికి 5 మిల్లీమీటర్ల లోపు దాకా పంపి అక్కడ ఎంత శబ్దం చేరుతోందో కొలిచి సరిదిద్దాలి. యంత్రాన్ని చెవిలో నిలిపే ఇయర్ మౌల్డ్‌కు అచ్చు తీసేటప్పుడు దారం కట్టిన స్పాంజి ముక్కను చెవి కాలువ రెండో మలుపు దాటించి పెట్టకపోతే సిలికాన్ కర్ణభేరి మీదకు పోయి, ఈఎన్‌టీ డాక్టరు తీయాల్సి వస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు మౌల్డ్ కొన్ని నెలలకే వదులై యంత్రం ఈల వేస్తుంది. తల్లిదండ్రులు ఈల ఆపడానికి వాల్యూమ్ తగ్గిస్తారు, బిడ్డకు మాట వినపడదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి పంపే విద్యార్థి మంచి కాలేజీలో చదివినట్టు. కోస్తా ఉక్కపోతకు యంత్రాన్ని రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టమనడం కూడా చెప్పాల్సిన మాటే.

తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో పెద్ద లోటు మాత్రం వేరే ఉంది. పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లిష్, రోగులందరూ తెలుగు. మాటలు అందుకునే స్థాయి కొలవడానికి అమెరికాలో వాడే జాబితాలో 'హాట్‌డాగ్', 'బేస్‌బాల్', 'కౌబాయ్' ఉంటాయి. రెండు అక్షరాల మీదా సమానమైన ఒత్తు పడుతుందని ఏరినవి. ఆదిలాబాద్ పత్తిరైతుకు వాటితో పనేంటి? మాటలను గుర్తుపట్టే శాతం కొలవడానికి ఇంగ్లిష్‌లో ఏకాక్షర పదాలు వాడతారు. తెలుగులో 'రా', 'పో' లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగిసే రెండు, మూడు అక్షరాలవి. వాటిలో సగం వినిపించినా మిగతా సగం ఊహకు అందుతుంది కాబట్టి స్కోరు ఎక్కువగా వస్తుంది. అలాంటి స్కోరును ఇంగ్లిష్ ఏకాక్షర జాబితాల ప్రమాణాలతో పోల్చితే లోపం చిన్నదిగా కనిపిస్తుంది. తెలుగు జాబితాలు లేవని కాదు. పరిశోధకులు తయారుచేసినవి ఉన్నాయి, కానీ చాలాచోట్ల విద్యార్థి కాగితం చూసి తన నోటితోనే చదువుతాడు. ఒకడు గట్టిగా, ఒకడు వాక్యం చివర గొంతు జారుస్తూ, ఇంకొకడు నోరు కనిపించేలా చదివితే రోగి పెదవులు చూసి చెప్పేస్తాడు. రికార్డు చేసిన జాబితా ఉందా, లేకపోతే కనీసం గొంతు స్థాయి చూపే వీయూ మీటర్ చూస్తూ చదవడం నేర్పుతున్నారా అన్నది అడగదగ్గ ప్రశ్న.

ఉచ్చారణ పరీక్షలో ఇది ఇంకా ముదురుతుంది. బొమ్మ చూపించి పేరు చెప్పించాలి. సొరకాయ బొమ్మకు కోస్తా పిల్ల 'ఆనపకాయ' అంటుంది. మొక్కజొన్నకు తెలంగాణ పిల్లవాడు 'మక్క' అంటాడు. వేరుశనక్కాయలు ఒకచోట పల్లీలు, ఒకచోట శనక్కాయలు. 'చెప్పలేదు' అని రాసుకున్న విద్యార్థి తప్పు చేసినట్టే. ఆ ధ్వనిని మరో బొమ్మతో రాబట్టాలి. 'భయం'ను 'బయం' అనడం, కొన్ని ఇళ్లలో 'ళ'ను 'ల'గా పలకడం వాడుక. ఇంట్లో పెద్దలు ఎలా పలుకుతున్నారో వినకుండా దానికి థెరపీ పెట్టకూడదు. మరోవైపు నిజంగా పట్టుకోవాల్సినవి జారిపోతుంటాయి: 'పడు', 'పాడు' మధ్య నిడివి తేడా, 'గద', 'గద్ద' మధ్య ద్విత్వం. వినికిడి లోపం ఉన్న పిల్లల్లో ముందు చెడేది తరచూ ఈ కాల పరిమాణమే. ఇంగ్లిష్‌లో ద్విత్వంతో అర్థం మారే మాటలు దాదాపు లేవు కాబట్టి అక్కడి పరీక్షల్లో దీనికి చోటే లేదు.

భాషా స్థాయి కొలవడానికి పిల్లవాడు ఆడుకుంటూ అన్న 50 నుంచి 100 వాక్యాలు రికార్డు చేసి, రాసి, సగటు పొడవు లెక్కవేస్తారు. పదాల లెక్కన చూస్తే 'చేయించుకున్నాడు' ఒక్కటే. విడదీస్తే అందులో ధాతువు, ప్రేరణ, ఆత్మార్థకం, కాలం, కర్త లింగవచనాలు అన్నీ ఉన్నాయి. తెలుగు వ్యాకరణం మీద పట్టులేని విద్యార్థి ఆ పిల్లవాడిని వెనకబడ్డవాడిగా రాసేస్తాడు. పది నిమిషాల మాటలు రాయడానికి గంటకు పైగా పడుతుంది, అందుకే చాలామంది దీన్ని ఎగ్గొట్టి ప్రశ్నావళి టిక్కులతో సరిపెడతారు. క్లినిక్ ఫైళ్లలో తెలుగులో రాసిన మాటల నమూనాలు ఉన్నాయేమో చూడమనండి. మాటలు ఆలస్యమైన బిడ్డ తల్లిదండ్రులకు 'ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి' అని చెప్పే పద్ధతి అమెరికాలోని మనవాళ్ల దాకా పాకింది. దానికి ఆధారం లేదు. తల్లికి ధారాళంగా వచ్చే భాషే బిడ్డకు ఎక్కువ మాటలు ఇస్తుంది. ఈ సలహా తప్పని విద్యార్థికి రెండో ఏడాదిలోనే నేర్పాలి.

మింగడంలో ఇబ్బందుల శిక్షణకు ఆసుపత్రి తప్పనిసరి. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. మంచం పక్కన నిలబడి చూస్తే తెలియదు. వీడియోఫ్లోరోస్కోపీనో, ముక్కు గుండా ఎండోస్కోపీనో కావాలి. న్యూరాలజీ వార్డుతో ఒప్పందం లేని కాలేజీ ఈ పేపరును బోర్డు మీదే పూర్తి చేస్తుంది.

పర్యవేక్షణ సంగతి కూడా. విద్యార్థి థెరపీ ఇస్తుంటే వన్‌వే అద్దం వెనకో, సీసీ కెమెరాలోనో సూపర్‌వైజర్ చూడాలి. సెషన్‌కు ముందు రాసిన ప్లాన్‌లో 'ర ధ్వని నేర్పడం' అని ఉంటే కొట్టేసి, 'పద ప్రారంభంలో ర, పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా' అని రాయించాలి. లాగ్‌బుక్‌లో గంటలు ఏ వారానికి ఆ వారం సంతకం కావాలి. చివరి సెమిస్టర్‌లో ఒకేసారి నింపిన లాగ్‌బుక్ ఇంకు రంగుతోనే పట్టుబడుతుంది. అమెరికా ఆశ ఉన్నవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అక్కడ స్పీచ్ థెరపిస్టుకు మాస్టర్స్, ఆడియాలజిస్టుకు ఏయూడీ అనే డాక్టరేట్ కావాలి. జాతీయ సంఘం ఆషా సర్టిఫికెట్‌కు స్పీచ్ వైపు 400 గంటల క్లినికల్ అనుభవం చూపాలి. మన డిగ్రీతో దిగి నేరుగా ఉద్యోగంలో చేరడం కుదరదు.

ఇంటర్న్‌షిప్ ఏడాదిని కొన్నిచోట్ల యంత్రాల దుకాణాల్లో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి గడిపించేస్తున్నారు. అక్కడ నేర్చుకునేది మోడళ్ల ధరలు. ఇంకోవైపు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్స కేంద్రాలకు ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు అవసరం. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్న పిల్లలకు ఆపరేషన్ తర్వాత మ్యాపింగ్ (పరికరం సెట్టింగులు సరిచేయడం), ఏవీటీ (విని మాట్లాడటం నేర్పే థెరపీ) నెలల తరబడి సాగాలి. ఊరు దూరమై, బస్సు ఖర్చు భరించలేక మధ్యలో మానేస్తే లోపల పెట్టిన లక్షల పరికరం ఉండీ మాట రాదు.

కాబట్టి విశ్వవిద్యాలయాలకు మా వినతి: అనుబంధ కాలేజీల క్లినిక్‌కు నెలనెలా వచ్చిన కేసుల సంఖ్య, క్యాలిబ్రేషన్ తేదీ, సూపర్‌వైజర్ల సంఖ్య వెబ్‌సైట్‌లో పెట్టించండి. తెలుగు మాటల జాబితాలను కోస్తా, రాయలసీమ, తెలంగాణ పలుకుబడులతో రికార్డు చేయించి అన్ని కాలేజీలకూ ఉచితంగా ఇచ్చే పనిని సికింద్రాబాద్ ప్రాంతీయ కేంద్రం, భాషాశాస్త్ర శాఖలున్న విశ్వవిద్యాలయాలు కలిసి చేపట్టవచ్చు. ఒక నిశ్శబ్దమైన గది, మంచి మైకు, జాబితా చదివేవాళ్లు నలుగురు, ప్రమాణీకరణకు మామూలు వినికిడి ఉన్న వాలంటీర్లు ఉంటే చాలు. ఇంటర్న్‌షిప్‌లో కనీసం రెండు నెలలు జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో, అక్కడి సూపర్‌వైజర్ సంతకంతో తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాం. బస, బస్సు పాసు ఇస్తే వెళ్లడానికి విద్యార్థులు సిద్ధంగానే ఉన్నారు.

ఇట్లు,
ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్